దుక్కలా ఉన్న పదిహేడో నంబరు

ఔషధ నిధుల సంఘం కార్యాలయం,
మూడో అంతస్తు,
మార్చి 4.

అత్తకి,

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఒకటే. రేపటి నుంచి నీ జబ్బు గురించి నేను నీతో ఫోనులో మాట్లాడకూడదు. మాట్లాడాలంటే కాగితం మీదే మాట్లాడాలి. ఆ కాగితానికి ఒక నకలు ఆఫీసు ఫైల్లో పెట్టాలి. దాన్ని మా కార్యదర్శిగారు చదివి సంతకం పెట్టాలి. నీ జవాబులకీ అంతే. ఈ నిబంధన నేను పెట్టింది కాదు. నా మీదికి తెచ్చుకున్నది మాత్రం నేనే.

మొదటి నుంచి చెబుతాను. కొత్త మందు వస్తే దాన్ని ప్రభుత్వం కొని జనానికి ఉచితంగా ఇవ్వాలా వద్దా అని తేల్చేది మా సంఘం. సంఘం అంటే పన్నెండుమంది పెద్దవాళ్లు, ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల మీదికి వెళ్లే కాగితాలు చదివి సారాంశం రాయడం నా పని. ఈసారి వచ్చింది కీళ్లవాపు జబ్బుకి కొత్త సూదిమందు, పదిహేను రోజులకి ఒకటి. ఆ జబ్బుతో జనం రోజూ ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవడానికి ఆస్పత్రుల్లో ప్రశ్నపత్రాలు పంచారు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే.

నిన్న పదిహేడో నంబరు చదివాను. వృత్తి: టైలరు, ముప్పై రెండేళ్లుగా. 'మీ చేతుల నొప్పి గురించి మీ మాటల్లో చెప్పండి' అన్నచోట ఇలా ఉంది: "నాకేం, దుక్కలా ఉన్నాను. ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లకి ముందు వేరే పనేదైనా చూపించండి."

అత్తా, ఈ దేశంలో టైలర్లు చాలామంది ఉంటారు. ఇలా మాట్లాడే టైలరు ఒక్కతే.

ఆ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాను. నీకు ఆ జబ్బుందని నాకు తెలీదు. ఫోను చేసినప్పుడల్లా 'చెయ్యి కాస్త పట్టేసింది, సంచి మోశాను' అంటావు. ఎన్నేళ్లుగా మోస్తున్నావో ఆ సంచి. తర్వాత లేచి కార్యదర్శిగారి గదిలోకెళ్లి, "పదిహేడో నంబరు మా మేనత్తండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. "ఖాయమేనా?"

"ఆవిడ తిట్టు ఆవిడ సంతకం లాంటిదండీ."

ఆయన ఒక ఫారం నా ముందుకి తోశారు. సొంత మనిషికి మేలు జరిగే ఫైలుని మేం ముట్టుకోకూడదు. అరగంటలో ఆ ఫైలు నా బల్ల మీంచి వెళ్లిపోయింది. ఇప్పుడు నా ముందు అంబులెన్సు స్ట్రెచర్ల ఫైలుంది.

ఎప్పటి నుంచి ఉంది నీకిది? సంఘం తరఫున అడగడం లేదు, మేనకోడలిగా అడుగుతున్నాను. ఆ ఒక్క ప్రశ్నకి కార్యదర్శిగారు ఒప్పుకున్నారు.

ఉత్తరం చదివి వినిపించే కండక్టరు బాబాయికి నమస్కారం.

నీ మేనకోడలు

*

కుట్టు దుకాణం,
బస్‌స్టాండు వెనక,
మార్చి 11.

మా పంతులమ్మకి,

నేను చెబుతుంటే పక్కింటి కండక్టరు రాస్తున్నాడు. ఉద్యోగం దిగిపోయి ఆరేళ్లయినా టికెట్టు చింపే తొందర పోలేదు. మెల్లిగా రాయవయ్యా అంటే వినడు.

మేనత్త మీద ఫిర్యాదు చేసిన మొదటి మేనకోడలివి నువ్వే. చదివిస్తే ఇంతటిదానివి అవుతావని మీ నాన్న అన్నాడు, నేనే నమ్మలేదు.

ఈ ఉత్తరం చదివే పెద్దాఫీసరుగారికి నమస్కారాలు. అయ్యా, మా పిల్లకి పనిలో పడితే మధ్యాహ్నం తిండి ధ్యాస ఉండదు. మీరు ఎలాగూ ఉత్తరాలు చదువుతున్నారు కాబట్టి, ఆ సంగతి కూడా కాస్త చూడండి.

ఇక నా సంగతి. నాకేం లేదు. కీళ్లు వాచాయి, వాచినవి తగ్గకపోతాయా? ప్రశ్నలన్నిటికీ నిజమే చెప్పాను. గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా అన్నారు. లేదన్నాను. నా బట్టలకి గుండీలే లేవు, అన్నిటికీ ఎలాస్టిక్ వేసుకున్నాను. మెట్లు ఎక్కగలరా అన్నారు. ఎక్కుతానన్నాను. మనింటికి మెట్లెక్కడున్నాయి? సీసా మూత వస్తుందా అన్నారు. వస్తుందన్నాను.

(ఇది ఆవిడ చెబుతున్నది కాదు, కండక్టరుని, నేను రాస్తున్నాను. ఆ మూతలు తీసేది నేను. రోజుకి నాలుగు. నూనె సీసా మూత నిన్న రెండుసార్లు తీశాను, ఎందుకంటే మొదటిసారి నేనే గట్టిగా బిగించి పోయాను.)

ఆస్పత్రి వరండాలో ఆ కాగితం చూసి అందరూ బిక్కమొహాలు వేశారు. ఒకావిడైతే ఏడుపు మొదలుపెట్టింది. నేనే లేచి నిలబడ్డాను. "మనమేమన్నా ముష్టికొచ్చామా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఊరూ పేరూ తెలీనివాడు ఎలా ఉన్నారంటే బాగున్నామనే చెప్పాలి, మన పెద్దవాళ్లు నేర్పింది అదే" అన్నాను. అందరూ విన్నారు. చదువు రానివాళ్లవి కండక్టరే నింపాడు. ఇరవై ఆరుగురం. ఒక్కళ్లం కూడా పరువు తీసుకోలేదు.

నువ్వు ఆ స్ట్రెచర్ల పనైనా సరిగ్గా చెయ్యి.

మీ అత్త

*

ఔషధ నిధుల సంఘం కార్యాలయం,
మార్చి 23.

అత్తకి,

నీ ఉత్తరం అందిన రోజు నుంచి కార్యదర్శిగారు ఒంటిగంటకి నా బల్ల దగ్గరికొచ్చి "తిన్నావా?" అని అడిగి వెళ్తున్నారు. ఆఫీసులో అందరూ నేనేదో తప్పు చేశాననుకుంటున్నారు.

సంఘం మొదటిసారి కూర్చుంది. ఏమనుకున్నారో కింద గోడకి అంటించారు. గోడ మీదిది ఎవరైనా చదవొచ్చు కాబట్టి నేను నీకు రాయొచ్చు: 'వచ్చిన నలభై ప్రశ్నపత్రాల్లో ఇరవై ఆరింటి ప్రకారం రోగులకు చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.' బల్ల చివర కూర్చునే లెక్కల ప్రొఫెసరుగారు, "ఈ రోగులు మనకన్నా ఆరోగ్యంగా ఉన్నారు, వీళ్లు ఇప్పుడు మింగుతున్నదేదో మనకీ ఇప్పించండి" అన్నారట. ఇది గోడ మీద లేదు, టీ తెచ్చే ఆయన చెప్పాడు.

(ఉంచవచ్చు. నేనూ విన్నాను. – కార్యదర్శి)

వాళ్లు దేన్ని బట్టి తేలుస్తారా అని నీకు అనుమానం రావచ్చు. నీ భాషలో చెబుతాను. స్కూలు యూనిఫారాల ఆర్డరు పట్టినప్పుడు నీ దగ్గర గుడ్డ తాను ఒక్కటే, పిల్లలు వందమంది. ఒకడికి వదులు ప్యాంటు కుడితే ఇంకొకడికి నిక్కరు రాదు. ఆ బల్ల దగ్గరా అంతే. ఈ సూదికి డబ్బు పెడితే ఇంకెవరి వైద్యం ఆగుతుంది అన్నది ఒకటి. పాత మాత్రలకన్నా ఇది నిజంగా ఎంత మేలు అన్నది ఒకటి. ఆ మేలు నిలుస్తుందా అన్నది ఇంకొకటి, ఎందుకంటే కంపెనీ చూపించింది ఒక్క ఏడాది ఫలితాలే. ఎంతమందికి కావాలి, కంపెనీ ధర ఎంతవరకు దిగుతుంది. ఆపైన, ఈ జబ్బు మనిషిని ఎంత బాధపెడుతుంది. మిగతావన్నీ ప్రొఫెసరుగారు లెక్కకట్టగలరు. ఈ చివరిది మాత్రం జబ్బున్నవాళ్లు చెబితేనే ఆయనకి తెలుస్తుంది.

నోటీసు ఒకటి జత చేశాను. రోగులు కావాలంటే ఏప్రిల్ 15 లోగా అదనంగా వాంగ్మూలం పంపవచ్చని అందులో ఉంది. ఏం రాయాలో నేను చెప్పకూడదు. ఎలా రాయాలో చెప్పకూడదు. అసలు రాయమని కూడా చెప్పకూడదు. నోటీసు మాత్రం చాలా బాగుంది. ఒకటికి రెండుసార్లు చదివించుకోదగ్గ నోటీసు.

నా ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు.

నీ మేనకోడలు

*

కుట్టు దుకాణం,
ఏప్రిల్ 1.

మా పంతులమ్మకి,

నోటీసు మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారికి కండక్టరు కునికిపాట్లు పడ్డాడు. అందులో నువ్వు చెప్పాలనుకున్నదేదో ఉందని తెలిసింది. అదేమిటో తెలియలేదు.

కానీ నీ తాను కబురు బాగా అర్థమైంది. మీ ప్రొఫెసరుగారికి నా మాటగా చెప్పు, ఆయన పట్టింది నిజమే. ఏడాది చూసి మందు మంచిదంటే ఎలా? నాలుగు ఉతుకులు కాకుండా గుడ్డ మంచిదని నేను ఎవరికీ మాటివ్వను. ధర కూడా అంతుందా? కండక్టరు పేపర్లో చదివి చెప్పాడు. ఆ డబ్బుకి ఎంతమంది పసిపిల్లలకి టీకాలొస్తాయో చూసుకుని, ఈ మందు ఇవ్వొద్దని రాసెయ్యమను. నా బతుకంతా గుడ్డ మిగిల్చిన బతుకే, ఇప్పుడు నా ఒక్కదాని కోసం తాను చింపమంటానా?

ఆఫీసరుగారు నీ తిండి చూస్తున్నందుకు ఒక చొక్కా పంపుతున్నాను. కొలతలు తెలీవు. కుర్చీ ఉద్యోగం కదా అని పొట్ట దగ్గర వదులు పెట్టాను.

మీ అత్త

(అమ్మాయీ, కండక్టరుని. పాతికేళ్లు బస్సులో చూశాను, చెయ్యి ఎత్తనివాడి కోసం ఏ డ్రైవరూ బండి ఆపడు. అడగందే అమ్మైనా పెట్టదు. ఆవిడకి చెప్పకుండా ఆవిడ తరఫున వాంగ్మూలం నేనే రాసి పార్సిల్లో చొక్కా కింద పెట్టాను. కాస్త ఉప్పూ కారం దట్టించాను. నువ్వు ఏమీ ఎరగనట్టే ఉండు.)

*

ఔషధ నిధుల సంఘం కార్యాలయం,
ఏప్రిల్ 7.

అత్తకి,

కండక్టరు బాబాయ్, ఈ ఉత్తరంలో ఒక్క పేరా కూడా దాటెయ్యకండి. దాటేస్తే అత్త జవాబులో నాకు తెలిసిపోతుంది.

ఆఫీసుకొచ్చిన పార్సిలు నలుగురి ముందు విప్పాలి. పైన చొక్కా ఉంది. మడత విప్పి చూసి టైపిస్టు "ఎంత నాజూకుగా ఉందో" అంది. దాని కింద నీ పేరుతో వాంగ్మూలం ఉంది. నువ్వు రాయించలేదని నాకు తెలుసు. దాని మొదటి వాక్యం ఇది: 'నేను చెంచా ఎత్తలేను, వేలు కదపలేను, జీవచ్ఛవంలా మంచాన పడి ఉన్నాను.'

కార్యదర్శిగారు ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో చొక్కా పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ చూశారు. "జీవచ్ఛవం కాలరు బాగా కుట్టింది" అన్నారు.

చొక్కాని బహుమతుల పుస్తకంలో రాసి తిప్పి పంపుతున్నాం. ఆయన వేసుకుని చూడలేదని రాయమన్నారు. రాశాను. వాంగ్మూలం చెల్లదు, ఎవరిది వాళ్లే చెప్పాలి. బాబాయ్, మీరు మంచికే చేశారు. కానీ అత్త ఏమీ లేదంటుంది, మీరు ప్రాణం పోయిందంటారు. మధ్యలో ఉన్నది ఎవరు చెబుతారు?

ఆఫీసు మనిషిగా ఇంతే. ఇక్కడి నుంచి మేనకోడలిని.

అత్తా, నాకీ ఉద్యోగం వచ్చిన రోజున నువ్వు అన్నావు, మనవాళ్లలో బల్లకి అవతల కూర్చున్న మొదటిదానివి, ఇవతల నిలబడ్డవాళ్లని మరిచిపోకు అని. ఇప్పుడు ఇవతల నిలబడ్డది నువ్వు. నిలబడి 'నాకేం అక్కర్లేదు, పొండి' అంటున్నావు. ఆ వరసలో నీ వెనక ఇంకో పాతికమంది ఉన్నారు. వాళ్లకీ అక్కర్లేదా?

మూడోసారి అడుగుతున్నాను. ఎప్పటి నుంచి?

నీ మేనకోడలు

*

కుట్టు దుకాణం,
ఏప్రిల్ 12.

అమ్మాయికి,

కండక్టరు తను రాసిందంతా తనే చదివి వినిపించాడు. మధ్యలో మంచినీళ్లు అడిగాడు, ఇవ్వలేదు. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాడు. ఒక్క ముక్క కలిపినా నా గడప తొక్కనివ్వనన్నాను. మూతలు తీయడానికి మాత్రం రావచ్చు.

ముందు చొక్కా. కత్తిరించింది నేనే, కత్తెర రెండు చేతులతో పట్టుకుని. ఐదు రోజులు పట్టింది. ఒకప్పుడు రోజుకి ఆరు కుట్టేదాన్ని. కాలరు కుట్టడం మాత్రం ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు, నేనే కుట్టాను. గుండీలు కండక్టరు కుట్టాడు. అందుకే రెండోది పక్కకి పోయింది, మీ టైపిస్టు చూసుకోలేదు.

నువ్వు నా దగ్గరుండి చదువుకుంటూ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది. పొద్దున్నే వేళ్లు విచ్చుకునేవి కావు. గిన్నెలో వేణ్నీళ్లు పోసుకుని చేతులు పెట్టుకునేదాన్ని. ఏం చేస్తున్నావత్తా అని నువ్వడిగితే, గుడ్డ రంగు పోతుందేమో చూస్తున్నానన్నాను. చెబితే నువ్వు పుస్తకాలు మూసి మిషను ముందు కూర్చునేదానివి. నీకు కుట్టు రాదు. చదువూ పోయేది, ఉన్న బేరాలూ పోయేవి.

ఇక్కడి నుంచి వాంగ్మూలం. ఆఫీసరుగారు ఈ కాగితం తీసి బల్ల మీద పెట్టొచ్చు, వేలిముద్ర వేశాను.

ఆరింటికి లేస్తాను. ఎనిమిదింటిదాకా చేతులు నావి కావు. జుట్టు ముడి వేసుకోలేక కత్తిరించుకున్నాను, ఫ్యాషనని అందరికీ చెప్పాను. సూదిలో దారం ఎక్కించడానికి ఎదురింటి ఆవిడ తన పని ముగించుకుని వచ్చేదాకా కూర్చుంటాను. డాక్టరు పాత మాత్రలు రెండు రకాలు ఇచ్చాడు, ఒక్కోటి ఆరు నెలలు మింగాను. ఒకదానికి కడుపు మండింది. రెండోదానికి ఏమీ కాలేదు, వాపుకి కూడా. నెలలో పది రోజులు మిషను మీద గుడ్డ కప్పి ఉంచుతాను. ఎవరన్నా వస్తే మిషను పాడైందని చెబుతాను. మిషను బాగానే ఉంది.

మందు ఇవ్వండని చేతులు జోడించడం లేదు, అవి సరిగ్గా జోడించుకోవు కూడా. ఇవ్వొద్దని మొన్న అన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను. పసిపిల్లల టీకాల తర్వాతే నా వంతు. కానీ వరసలో నేనున్నానని రాసుకోండి.

వాంగ్మూలం అయిపోయింది.

రేపు ఆస్పత్రి రోజు. మిగతా పాతికమందికీ చెబుతాను, ఆ రోజు నేను చెప్పింది తప్పని. నేను తప్పన్నానంటే సగంమంది నమ్మరు, కండక్టరుని సాక్ష్యానికి తీసుకెళ్తున్నాను. ఈ ఉత్తరంతో సహా కాగితాలన్నీ ఆయనే బస్సులో తెచ్చి పద్నాలుగున ఇస్తాడు. టికెట్టు కొనుక్కోమని గట్టిగా చెప్పాను, అలవాటు లేని మనిషి.

మీ అత్త

*

ఔషధ నిధుల సంఘం కార్యాలయం,
జూన్ 2.

అత్తకి,

నిన్న ఫైలు మూసేశారు. ఇక నీతో ఏం మాట్లాడినా తప్పు కాదు. ఫోను చెయ్యొచ్చు కూడా, కానీ ఫోనులో నువ్వు మాట తప్పించేస్తావు. అందుకని కాగితం మీదే చెబుతున్నాను.

మందుకి డబ్బిస్తున్నారు. అందరికీ కాదు. పాత మాత్రలు రెండు రకాలూ వాడి గుణం కనబడనివాళ్లకి, ప్రస్తుతానికి ఒక్క ఏడాది. ఏడాది తర్వాత మళ్లీ చూస్తారు, నీ నాలుగు ఉతుకుల మాట వాళ్లూ అన్నారు, వేరే మాటల్లో. ఇరవై మూడు కొత్త వాంగ్మూలాలు వచ్చాయి. నీది చదివేటప్పుడు ఎవరూ నవ్వలేదట. 'వరసలో నేనున్నానని రాసుకోండి' అన్నచోట ప్రొఫెసరుగారు మళ్లీ చదవమన్నారట. అలాగని అంతా నీ మాట వల్లే జరిగిందని ఎదురింటి ఆవిడకి చెప్పకు. కంపెనీ ధర మూడోవంతు తగ్గించింది. అది తగ్గకపోతే ఎంత మంచి వాక్యమైనా సరిపోయేది కాదు. నేను ఈ ఫైలు మీదే ఉండి ఉంటే నేనూ అదే రాసేదాన్ని.

నీకు మొదటి సూది జూన్ 20న. సూదికి ముందు నర్సు అదే ప్రశ్నపత్రం మళ్లీ చేతికిస్తుంది. ఇప్పుడు బాగా విను. ఆరు నెలల తర్వాత నువ్వెంత మెరుగయ్యావో ఆ రోజు చెప్పినదాన్నుంచే కొలుస్తారు. మెరుగు కనబడకపోతే సూది ఆపేస్తారు. అంతా బాగుందని ఇప్పుడే చెప్పేస్తే ఇక మెరుగవడానికి నీకు చోటేదీ? కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునేవాళ్లని నువ్వెలా కసురుతావో నాకు తెలుసు. 'ఊపిరి వదలండి, రేపు చొక్కా పట్టకపోతే నన్నంటారు' అంటావు. అత్తా, నర్సు ముందు ఊపిరి వదులు.

ఇంకొకటి నేను చెప్పాలి. దీనికి నకలు అక్కర్లేదు కాబట్టి చెబుతున్నాను. గుడ్డ రంగు పోతుందేమోనని వేణ్నీళ్లలో రోజూ ఎవరూ చూడరు. గిన్నెలో ఒక్కోరోజు గుడ్డే ఉండేది కాదు. తొమ్మిదో తరగతి పిల్లకి అంతమాత్రం తెలుస్తుంది. నాకు తెలిసే ఉంటుంది. తెలిసిందని ఒప్పుకుంటే పుస్తకాలు మూయాల్సి వస్తుందని తెలియనట్టు ఊరుకున్నాను. చదువంటే నాకంత ఇష్టం. దుక్కలా ఉన్నానని నువ్వు చెబుతూ వచ్చావు, నేను నమ్ముతూ వచ్చాను. ఇద్దరం కలిసి చెప్పిన అబద్ధమది, నీ ఒక్కదానిదే కాదు.

అందుకని జూన్ 12 లోగా నాకు జవాబు రాయించు. మందు సంగతి వద్దు, నా తిండి సంగతి వద్దు. ఇవాళ నీ చేతులు ఎలా ఉన్నాయో అది రాయించు. కుడిచేతి బొటనవేలు ఎంతవరకు వంగుతుంది, ఏ వేలు ముట్టుకోనివ్వదు, ఏ పని కోసం ఎవరిని పిలుస్తావు, అన్నీ. నర్సుకి చెప్పే ముందు నాకు చెప్పడం అలవాటు చేసుకో. పన్నెండుకి ఉత్తరం రాకపోతే పదమూడున సెలవు పెట్టి మొదటి బస్సుకి వస్తాను. నీ చేతులు రెండూ నా ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ వంచి చూసి, కండక్టరు బాబాయి పక్కన కూర్చుని నేనే రాసుకుంటాను.

నీ మేనకోడలు